‘జీడి’ — ఒక మాట నడచిన దారి

నిఘంటువు తిరగవేసేవారికి ఒక విశేషం తప్పక కనబడుతుంది. శాస్త్రగ్రంథాలలోను, సభావేదికల మీదను వాడే గంభీరమైన పదాలకు సాధారణంగా ఒక్కటే అర్థం. వంటింటిలోను, పెరటిలోను, సంతలోను వాడే చిన్నమాటకు అర్థాలు అయిదో ఆరో ఉంటాయి. అందులో ఆశ్చర్యమేమీ లేదు. ఇంటిలోని కత్తిపీట కూరలకే గాక నారకూ ఈనెలకూ పనికివచ్చినట్లే, పనికివచ్చే మాటను కూడా జనం ఒక్క పనితో ఊరుకోనివ్వరు.

ఇంగ్లీషులో ‘నట్’ అనే మాట ఇటువంటిది. కొబ్బరికాయ, వేరుశనగ, జాజికాయ, వక్క, జీడిపప్పు — ఆ భాషలో వీటన్నిటి పేర్లలోను వచ్చేది ఆ ఒక్క మాటయే. బోల్టుకు బిగించే లోహపు చుట్టు కూడా ‘నట్’టే. మతి చలించినవాడూ, ఏదో ఒక విషయం మీద వెర్రివ్యామోహం గలవాడూ కూడా వారి వాడుకలో ‘నట్’లే. స్పానిష్ భాష ఈ భారాన్ని పలుమాటలకు పంచిపెట్టినది. అక్రోటుకాయ ‘నువెస్’, పప్పుగింజలన్నిటినీ కలిపి చెప్పేటప్పుడు ‘ఫ్రూతో సేకో’, అనగా ఎండుఫలం, బోల్టుకు బిగించేది ‘త్వెర్కా’, వేరుశనగ స్పెయినులో ‘కకవేతే’, దక్షిణ అమెరికాలో చాలచోట్ల ‘మనీ’, పిచ్చివాడు ‘లోకో’. అయితే ‘నువెస్’ను మాత్రం జనం ఊరుకోనిచ్చారా? మగవాని కంఠం మీద ఉబ్బెత్తుగా కనబడే ముడికి కూడా ఆ పేరే పెట్టారు.

ఈ విషయంలో తెలుగు స్పానిష్ పక్షానే నిలుస్తుంది. ఇంగ్లీషు ఒక్క మాటతో సరిపుచ్చుకొన్న చోట తెలుగు కాయ, గింజ, పిక్క, పప్పు, వక్క అని విడదీస్తుంది. యంత్రానికి మాత్రం ఇంగ్లీషువాని మాటనే తెచ్చుకొని ‘నట్టు’ చేసుకొన్నది. స్పానిష్ ‘నువెస్’ కంఠానికి ఎక్కినట్లే మన ‘పిక్క’ కాలికి దిగినది: మోకాలి క్రింద వెనుక భాగం పిక్క, పరుగెత్తేవానికి కావలసినది పిక్కబలం. ఇంగ్లీషువాడు వెర్రివానిని ‘నట్’ అంటే, మనవాడు చురుకుదనం లేనివానిని ‘ముద్దపప్పు’ అంటాడు. భాషలు వేరైనా, తిండివస్తువును చూచి మనిషిని తలచుకోవడంలో అందరిదీ ఒకటే అలవాటు.

ఇట్టి మాటలు కేవలం వినోదానికి పనికివచ్చేవని అనుకోరాదు. వాటి అర్థభేదం మీద మనుషుల కూలీ, రైతుల రాబడి ఆధారపడి ఉన్న చోట్లు ఉన్నాయి. అట్టి చోటు శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం.

పడమట మహేంద్రగిరి పంక్తులు, తూర్పున బంగాళాఖాతం. ఈ రెంటి నడుమ ఇసుకనేలల మీద పరచుకొన్న తోటల సీమ ఉద్దానం. ‘ఉద్యానం’ అనే సంస్కృతపదమే జనవ్యవహారంలో ఉద్దానమైనదని పెద్దలు చెపుతారు. వజ్రపుకొత్తూరు, పలాస, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాలు ఈ సీమలోనివి. కొబ్బరి, పనస, మామిడి, జీడిమామిడి — ఇవి ఇక్కడి చెట్లు. వీటిలో జీడిమామిడికి రాజధాని పలాస. మద్రాసు–హౌరా రైలుమార్గం మీద, కాశీబుగ్గతో కలిసి ఒకే పురపాలక సంఘంగా ఉన్న ఈ ఊరి పేరు తలచినంతనే తెలుగువారికి జీడిపప్పు తలపునకు వస్తుంది. రహదారి మీద దక్షిణంగా వస్తే టెక్కలి. ఉత్తరంగా పోతే ఒడియా భాష వినవచ్చే ఊళ్ళు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాం సీమను పంచుకొన్నప్పటికీ, మాటలు మాత్రం ఆ సరిహద్దును పాటించలేదు. రెండు భాషలూ తెలిసిన ఇళ్ళు ఇక్కడ కొల్లలు.

ఈ సీమలో ఒకే వస్తువుకు మూడు పేర్లు వినబడతాయి: పిక్క, జీడి, పప్పు. బయటివానికి ఇవి పర్యాయపదాలుగా తోచవచ్చును. ఇక్కడివానికి కావు.

పిక్క రైతుది. చెట్టు నుంచి రాలిన పండు కొనను వ్రేలాడే, గట్టి తొక్కతో కూడిన కాయ అది. చింతపిక్క, పనసపిక్క అన్నట్లే జీడిపిక్క. మాఘఫాల్గుణాలలో పూతా పిందే నిలిస్తే వేసవిలో రైతు పిక్కలను ఏరి, ఎండబెట్టి, బస్తాకెత్తి అమ్ముతాడు. బస్తా అంటే ఇక్కడి లెక్కకు 80 కిలోలు. పప్పు వర్తకునిది, తినేవానిది. తొక్క పగిలి, ఎర్రని పొట్టు పోయి, తెల్లగా బయటపడిన తరువాతనే దానికి ఆ పేరు. అందులోనూ భేదాలు: గుండు, బద్ద, ముక్క. గుండులో మళ్ళీ అంకెలు. ‘డబ్ల్యు 320’ అంటే పౌను తూకానికి 300 నుంచి 320 వరకు తూగే తెల్లని నిండుగుండ్లని అర్థం. అంకె తగ్గినకొద్దీ గింజ పెద్దది, ధర హెచ్చు. ఈ రెంటి నడుమ ఉన్న పని అంతా — ఉడికించడం, పగులగొట్టడం, ఆరబెట్టడం, పొట్టుతీయడం, ఏరడం — ‘జీడి పని’. అది కూలివారిది, అందులో ముఖ్యంగా స్త్రీలది.

80 కిలోల పిక్కలలో నుంచి వచ్చే పప్పు ఇంచుమించు 20 నుంచి 24 కిలోలు. తక్కినదంతా తొక్క, పొట్టు, తేమ. కనుక పిక్క ధరా, పప్పు ధరా రెండు వేర్వేరు లోకాలు. ఐవరీ కోస్టు, బెనిన్, టాంజానియా వంటి ఆఫ్రికా దేశాల నుంచి పచ్చిపిక్కలు ఓడలలో దిగినప్పుడు ఉద్దానం పిక్క ధర పడిపోవచ్చును. అదే సమయంలో పండుగల గిరాకీ వలన పప్పు ధర పెరగనూ వచ్చును. అప్పుడు పత్రికలో ‘జీడి ధర పెరిగినది’ అని శీర్షిక పడితే, పట్టణంలో గృహిణి నిట్టూరుస్తుంది. వజ్రపుకొత్తూరు రైతు విస్తుపోతాడు. శీర్షిక అబద్ధం కాదు. ‘జీడి’ అనే మాట పిక్కకూ చెల్లుతుంది, పప్పుకూ చెల్లుతుంది, అదే చిక్కు. ఇంగ్లీషు ‘నట్’లో ఉన్న గజిబిజిని మనం ‘జీడి’లోనికి తెచ్చిపెట్టుకొంటున్నాము. విడదీసి చెప్పడానికి చాలినన్ని మాటలు మన రైతు నోట ఉండగా ఈ గజిబిజి ఎందుకు?

ఇంతకూ ఈ ‘జీడి’ అనే మాట మొదట దేనిది? జీడిపప్పుది కాదు. జీడిమామిడి చెట్టు ఈ దేశానికి వచ్చి అయిదు వందల ఏండ్లకు మించలేదు. మాట అంతకంటె పాతది.

అడవులలో సహజంగా పెరిగే మరొక చెట్టు ఉన్నది. దాని గింజ నల్లగా, నునుపుగా, హృదయాకారంగా ఉంటుంది. సంస్కృతంలో భల్లాతకం, తెలుగులో జీడి, లేక నల్లజీడి. ఆ గింజ తొక్కలోని రసం తగిలిన చోట చర్మం పొక్కి, పుండుపడుతుంది. అమరకోశం దీనికి చెప్పిన పేర్లలో అరుష్కరం, అగ్నిముఖి అనేవి ఉన్నాయి. అరుష్కరమంటే పుండు చేసేది. అగ్నిముఖి అంటే నోట నిప్పు గలది. పేర్లే హెచ్చరికలు. వైద్యులు దీనిని ఇటుకపొడిలో రుద్ది శుద్ధిచేసిన తరువాతనే మందులలో వాడేవారు. దిష్టికి వాడే వస్తువులలో కూడా నల్లజీడిగింజ ఒకటి.

దీనిని అందరికంటె బాగుగా ఎరిగినవాడు చాకలి. పదిళ్ళ బట్టలు ఒక్క రేవులో ఉతికేటప్పుడు ఎవరి బట్ట ఏదో తెలియవలె. జీడిగింజను సూదితో గుచ్చి, ఆ రసంతో బట్ట అంచున చిన్న గుర్తు పెట్టి, దాని మీద సున్నం రాస్తే, ఆ నలుపు బట్ట చిరిగేవరకు పోదు. అక్షరం రాని చేతికి అదే సిరా. సామర్లకోటలో ఉండి ఈ తీరపు వృక్షాలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్, 1795లో వెలువడ నారంభించిన తన కోరమండల తీర వృక్షగ్రంథంలో ఈ చెట్టు చిత్రాన్ని చేర్చాడు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో భారతదేశానికి వచ్చిన అమెరికా సైనికులకు ఒంటి మీద దద్దుర్లు పుట్టగా, సైనికవైద్యులు కారణం వెదకి, అది బట్టల మీద చాకలి పెట్టిన జీడిగుర్తేనని 1943లో ప్రకటించారు. మన చాకలికి తరతరాలుగా తెలిసిన సంగతి అది.

ఈ మాటకు మరి రెండు అర్థాలు ఉన్నాయి. ఆవకాయకు కాయలు కొట్టేటప్పుడు టెంకలో నుంచి తీసి పారవేసే లేతగింజ కూడా ‘జీడి’యే. ఆ జీడినీ, దానిని అంటిన పొరనూ తీసి, ముక్కను గుడ్డతో తుడవనిదే ఊరగాయ పెట్టరు. జీడి తగిలిన కత్తి నల్లబడుతుంది. ఇక రెండవది పిల్లలకు ఇష్టమైన అర్థం. టెక్కలి దగ్గర రావివలస ఎండల మల్లన్న సన్నిధికి పోయే యాత్రికులకైనా, ఈ కోస్తాలో ఏ తీర్థానికి పోయేవారికైనా బజారులో కనబడే మిఠాయి జీళ్ళు. బెల్లపు పాకాన్ని ముదరనిచ్చి, మేకుకు తగిలించి, లాగి, మడిచి, మళ్ళీ లాగి, రంగు తేలిన తరువాత నువ్వులద్ది కోసిన ముక్కలు అవి. ఒక ముక్క అయితే జీడి, పది అయితే జీళ్ళు. పంటికి పట్టిందంటే విడవదు. తేలకుండా సాగే సంభాషణను ‘జీళ్ళపాకం’ అనడం అందుకే. ఈనాడు ఏండ్ల తరబడి సాగే దూరదర్శిని ధారావాహికలకు ఆ బిరుదు స్థిరపడినది.

గుర్తుపెట్టే గింజ, మామిడి టెంకలోని గింజ, తీర్థంలోని మిఠాయి — వీటికి పుట్టుకలో సంబంధమున్నదో లేదో భాషాశాస్త్రజ్ఞులు తేల్చవలసిన ప్రశ్న. కాని వాడుకచేసే జనం దృష్టిలో వీటన్నిటినీ కలిపే గుణమొకటి ఉన్నదనిపిస్తుంది: అంటుకొని వదలకపోవడం. ఒకటి బట్టకు, ఒకటి కత్తికి, ఒకటి పంటికి అంటుకొంటుంది. నాలుగవది వచ్చి చేతికి అంటుకొన్నది. ఆ నాలుగవదే సముద్రం దాటి వచ్చిన జీడిమామిడి.

జీడిమామిడి పుట్టిల్లు బ్రెజిలు. అక్కడి తూపీ జాతివారు దానిని ‘అకజూ’ అనేవారు. పదునారవ శతాబ్దంలో ఆ తీరానికి చేరిన పోర్చుగీసువారు ఆ మాటను ‘కజూ’ చేసుకొన్నారు. వారి నోటి నుంచి ఇంగ్లీషువారు ‘కాష్యూ’ చేసుకొన్నారు. హిందీవారు, మరాఠీవారు ‘కాజూ’ అన్నారు. చెట్టు కూడా పోర్చుగీసు ఓడలలోనే పడమటి తీరానికి వచ్చినది. కొచ్చిన్ రాజ్యంలోని శాంతాక్రూజ్ తోటలలో దీనిని చూచినట్లు క్రిస్తోబల్ అకోస్తా అనే వైద్యుడు వ్రాశాడు. అతని గ్రంథం 1578లో స్పెయినులోని బుర్గోస్ నగరంలో, స్పానిష్ భాషలో అచ్చుపడినది.

కొత్తచెట్టుకు పేరు పెట్టడంలో భారతీయ భాషలు తలొక దారి పట్టాయి. మలయాళీలు ‘పరంగిమావు’ అన్నారు, అనగా పరంగివాని మామిడి. బెంగాలులో మేదినీపురం తీరపు హిజిలీ సీమ పేరుమీద ‘హిజిలీ బాదం’ అన్నారు. తమిళంలో ‘ముందిరి’ అన్నారు. మలయాళంలో ఆ మాటకే ద్రాక్ష అని అర్థం. ఉద్దానానికి ఇరుగుననే ఒడియాలో ‘కాజూ’తోపాటు ‘లంకా ఆంబ’ అనే పేరు ఉన్నది, అనగా లంకమామిడి. తెలుగులో కొన్ని ప్రాంతాలవారు పండు ఆకారాన్ని చూచి కాబోలు ‘ముంతమామిడి’ అన్నారు. పరంగి అనీ, లంక అనీ, హిజిలీ అనీ ఎవరికి వారు అది మరెక్కడిదో అన్నారు. ఇందులో గమ్మత్తు ఏమంటే, అమెరికా ఖండంలోనే ఉన్న మెక్సికోవారు ఈ అమెరికా పప్పును ‘నువెస్ దె లా ఇందియా’ అంటారు: ఇండియా అక్రోటు!

‘జీడిమామిడి’ అన్న తెలుగువాడు మాత్రం ఊరు అడగలేదు, గుణం చూచాడు. పండు వాసన, ఆకు తీరు మామిడిని తలపించాయి. పిక్క తొక్కను పగులగొట్టగానే వెలువడిన నూనె చేతిని కాల్చినది, నల్లచేసినది. ఇది మనమెరిగిన జీడియే అన్నాడు. రెండు మాటలు కలిపి పేరు పెట్టాడు. ఆధునిక వృక్షశాస్త్రం కూడా మామిడిని, నల్లజీడిని, జీడిమామిడిని ఒక్క కుటుంబంలోనే చేర్చినది. మామిడిసొన మూతికి తగిలితే పొక్కడం, నల్లజీడి రసం ఒంటికి తగిలితే పుండుపడడం, జీడిపిక్క నూనె చేతిని తినడం, ఇవన్నీ ఒకే తెగకు చెందిన రసాయనాల పని. పేరు పెట్టినవానికి ఈ శాస్త్రం తెలియదు. చేతికి తెలిసినది నోట పలికాడు, అంతే.

కన్నడిగులు కూడా ఇదే చేశారు. వారి ‘గేరు’ మొదట గుర్తుపెట్టే గింజది. ఇప్పుడు మంగళూరు వైపు ‘గేరుబీజ’ అంటే జీడిపిక్క. పాతదానిని వేరుచేయడానికి ‘కరిగేరు’ అంటారు, అచ్చముగా మన ‘నల్లజీడి’ వలె. ఇక్కడ ఒక లోకరీతి కనబడుతుంది. కొత్తగా వచ్చినవాడు ఇంటిపేరు పుచ్చుకొని పేరు సంపాదించగా, అసలు ఇంటివాడు ఒక విశేషణం తగిలించుకొని బ్రతుకవలసి వచ్చినది.

కన్నడం తెలుగుకు సోదరభాష కనుక ఇందులో వింత లేదనవచ్చును. వింత స్పానిష్‌లో ఉన్నది. నేడు స్పెయినులో జీడిపప్పును ‘అనకార్దో’ అంటారు. ఈ మాట కూడా మొదట జీడిపప్పుది కాదు, మన నల్లజీడిదే. హృదయాకారంగా ఉన్నందున గ్రీకులో హృదయమని అర్థమిచ్చే ‘కార్దియా’ నుంచి ఈ పేరు పుట్టినది. మధ్యయుగంలో భారతదేశం నుంచి అరబ్బు వర్తకుల ద్వారా ఐరోపా చేరిన భల్లాతకాన్ని అక్కడి మందుల అంగళ్ళలో ఆ పేరుతో అమ్మేవారు. గోవాలో 1563లో అచ్చుపడిన గార్సియా ద ఓర్తా గ్రంథంలో ‘అనకార్దో’ మీద ఒక ప్రకరణమే ఉన్నది. అది నల్లజీడిని గురించినది. తరువాత బ్రెజిలు నుంచి వచ్చిన కొత్తగింజ కూడా గుండె వలెనే ఉన్నది, దాని రసమూ చర్మాన్ని కాల్చినది. స్పెయినువాడు కూడా పాతపేరునే దానికి తగిలించాడు. ఉద్దానంవాని ఊసు స్పెయినువానికి తెలియదు. స్పెయినువాని ఊసు ఉద్దానంవానికి తెలియదు. ఇద్దరూ ఒకే గింజ పేరును తీసి మరియొక గింజకు పెట్టారు.

శాస్త్రజ్ఞుల లాటిను భాషలోను ఇదే కథ. 1753లో లిన్నేయస్ ‘అనకార్దియం’ అనే పేరును అమెరికా చెట్టుకు ఇచ్చి, పాశ్చాత్యమని అర్థమిచ్చే విశేషణం చేర్చాడు. తరువాత ఆయన కుమారుడు మన నల్లజీడికి పేరు పెట్టవలసివచ్చినప్పుడు ఆ మొదటి స్థానం ఖాళీ లేదు. గుర్తుపెట్టే ఫలమని అర్థం వచ్చేటట్లు ‘సెమెకార్పస్’ అని కొత్తపేరు కల్పించి, ‘అనకార్దియం’ను వెనుక తోకగా తగిలించాడు. ఆ విధంగా చాకలి గుర్తు లాటిను పేరులోనికి కూడా ఎక్కినది.

అమెరికాలోని స్పానిష్ దేశాలకు ఈ పాతబంధం లేదు. వారికి నల్లజీడి తెలియదు, జీడిమామిడి పెరటిచెట్టు. అందుచేత వారి పేర్లు వేరు. కొలంబియా, పనామా, క్యూబాలలో ‘మరన్యోన్’, వెనెజ్వేలాలో ‘మెరేయ్’, డొమినికన్ రిపబ్లిక్‌లో ‘కహుయిల్’, అర్జెంటీనాలో ‘కస్తాన్యా దె కజూ’. ఒకే భాష మాట్లాడే దేశాలలో ఒకే పప్పుకు ఇన్ని పేర్లు. ఆ దేశాలలో చాలచోట్ల పండు రసం త్రాగడం అలవాటు కనుక, పేరు చెప్పగానే ముందుగా తలపునకు వచ్చేది పండు. మనకు పప్పు. ఉద్దానం తోటలలో పండు చాలవరకు నేలపాలే.

‘అనకార్దో’కు సంబంధించిన మరొక ముచ్చట ఉన్నది. అరబ్బు వైద్యులు నల్లజీడిని ‘బలాదుర్’ అనేవారు. ఇది మన ‘భల్లాతక’ శబ్దమే పారశీకం మీదుగా అక్కడికి పోయి మారిన రూపం. దానిని పుచ్చుకొంటే జ్ఞాపకశక్తి హెచ్చుతుందని వారి నమ్మకం. తొమ్మిదవ శతాబ్దపు ప్రసిద్ధ చరిత్రకారుడు అల్-బలాదురీకి ఆ పేరు రావడానికి కారణం, ఆ మందు మితిమీరి సేవించి మతి కోల్పోవడమేనని ఒక కథ. స్పెయినులో కూడా ఇదే నమ్మకంతో ‘అనకార్దీనా’ అనే లేహ్యం చేసేవారు. పోయిన జ్ఞాపకం తిరిగివస్తుందని దానికి ప్రతీతి. జ్ఞాపకానికి మందని పేరుపొందిన వస్తువునే ఆ మాట ఈనాడు మరచిపోయినది. మాడ్రిడ్ అంగడిలో ‘అనకార్దో’ పొట్లం కొనేవానికి నల్లజీడి ఊహకైనా రాదు. కాల్చే గుణమూ తెలియదు. అతని చేతికి వచ్చేసరికి అది తెల్లని పప్పు.

పలాసలో సంగతి అట్లా లేదు. ఇక్కడ మాటా వస్తువూ ఇంకా విడిపోలేదు. పూర్వం పిక్కలను కాల్చి చెక్కసుత్తితో కొట్టేవారు. తరువాత ఆవిరిలో ఉడికించి, కత్తులు బిగించిన యంత్రాల మీద ఒక్కొక్కటిగా కోయడం వచ్చినది. ఇప్పుడు తామే కోసే యంత్రాలూ వచ్చాయి. ఏ పద్ధతిలోనైనా తొక్కలోని నూనె ఎక్కడికీ పోదు. రంగులకు, వాహనాల బ్రేకులకు పనికివచ్చే ఆ నూనెకు విలువ ఉన్నది. కాని అది పగులగొట్టే స్త్రీ వ్రేళ్ళను కాల్చుతుంది, నల్లచేస్తుంది. అందుకే జీడి పని చేసే స్త్రీలు చేతులకు బూడిదో నూనెయో రాచుకొని పనికి కూర్చుంటారు. గుండు విరిగితే బద్ద. బద్ద విరిగితే ముక్క. ధర ఆ మేరకు దిగిపోతుంది. కనుక వ్రేళ్ళకు చురుకూ కావలె, నెమ్మదీ కావలె. మందమైన చేతితొడుగులతో ఆ నెమ్మది రాదు. అరుష్కరమని అమరసింహుడు చెప్పిన మాటకు పూర్తి అర్థం నిఘంటువులో దొరకదు. ఆ వ్రేళ్ళ మీద దొరుకుతుంది.

ఇప్పుడు పట్టణాల మిఠాయి దుకాణాలలో ‘జీడిపప్పు’ అనే మాట తగ్గుతున్నది. కాజూ బర్ఫీ, కాజూ కత్లీ, కాజూ మసాలా కూర — ‘కాజూ’ నాగరికమనే భావం ప్రబలినది. ఇది పరభాషాపదమని కోపగించుకోవలసిన పని లేదు. పరభాషాపదాలను కలుపుకొనకుండా బ్రతికిన భాష లోకంలో లేదు. ‘బస్తా’ అనే మాట మానివేస్తే ఉద్దానం రైతు లెక్క చెప్పుకోలేడు. చింతించవలసినది వేరొకటి ఉన్నది. ‘కాజూ’ అనే మాట నున్నగా ఒలిచిన మాట. దానికి తొక్క లేదు. తెలుగువాని చెవికి అందులో మంట వినబడదు, నలుపు కనబడదు. ‘జీడి’ అనే మాటలో ఆ రెండూ ఉన్నాయి. తినేవానికి పని చేసిన చేతిని జ్ఞాపకం చేయగల శక్తి ఆ మాటకు ఉన్నది. ‘అనకార్దో’కు స్పెయినులో పట్టిన గతి మన మాటకు పలాసకు పదిమైళ్ళ దూరంలోనే పట్టనీయడం న్యాయం కాదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు చేరువనే తీరం దాటినది. ఒక్క రాత్రిలో ఉద్దానం కొబ్బరితోటలు, జీడితోటలు నేలకొరిగాయి. తరాలు పెంచిన చెట్లు వేళ్ళతో లేచిపోయాయి. కొత్తగా నాటిన చెట్టు కాపుకు రావడానికి ఏండ్లు పడుతుంది. ఆ ఏండ్లలో పప్పు మాత్రం అంగడిలో నిండుకోలేదు. ఓడల మీద వచ్చిన పిక్క కర్మాగారాలకు అందుతూనే ఉన్నది. తినేవానికి లోటు తెలియలేదు. లోటు తెలిసినది పిక్క అమ్ముకొనేవానికి. ఒకే వస్తువుకు మూడు పేర్లుండడం ఎంత అవసరమో ఆ ఏండ్లు చెప్పాయి: పప్పు దొరికినది, జీడి పని కొంత నడచినది, పిక్క లేకపోయినది. మూడింటినీ ‘కాజూ’ అన్న ఒక్క మాటలో ముంచివేస్తే ఈ వాక్యం వ్రాయడమే సాధ్యం కాదు.

పర్లాకిమిడిలో బోధకుడుగా జీవించి, సవరల నోటి మాటలను ఏండ్ల తరబడి సేకరించిన గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) ఈ నేల బిడ్డయే. మాటలను గ్రంథాలలోనే గాక మాట్లాడే మనుషుల దగ్గర కూడా వెదకవలెనని ఆయన చేసి చూపాడు. పలాసలో, టెక్కలిలో, ఉద్దానం గ్రామాలలో జీడి వ్యవహారానికి సంబంధించిన మాటలు — తోటలోవి, కళ్ళంలోవి, బట్టీలోవి, ఏరే బల్ల దగ్గరవి — ఈనాటికీ జనం నోట సజీవంగా ఉన్నాయి. పద్ధతి మారినప్పుడల్లా కొన్ని జారిపోతాయి. సుత్తి పోతే సుత్తి మాటలు పోతాయి, కోసే యంత్రం దానంతట అది నడిస్తే కోసేవారి మాటలు పోతాయి. ఈ మూడు నాలుగు మండలాల కళాశాలల విద్యార్థులు తమ ఇళ్ళలోని పెద్దల దగ్గర కూర్చుండి వాటిని వ్రాసుకొన్నా, ఒక మంచి వృత్తిపదకోశం తయారవుతుంది. దానికి పెద్ద సంస్థలు అవసరం లేదు.

పత్రికలవారు చేయవలసినది అంతకంటె చిన్నపని. ధర పెరిగినదని వ్రాసేటప్పుడు పిక్క ధరయో పప్పు ధరయో విడదీసి వ్రాస్తే చాలును. బస్తా పిక్కకు రైతుకు ఎంత ముట్టినది, కిలో పప్పుకు కొనేవాడు ఎంత చెల్లించాడు, నడుమ పగులగొట్టి ఒలిచిన చేతికి రోజుకూలి ఎంత దక్కినది — ఈ మూడూ మూడు పేర్లతో ఒకే వార్తలో ప్రక్కప్రక్కన పడిననాడు చదివినవాడు తానే లెక్క వేసుకొంటాడు.